అటకెక్కే దారి

ఏ పనైనా మధ్యలో ఆగిపోతే ‘అటకెక్కింది’ అంటాం. ఫైలు అటకెక్కింది, పెళ్ళి మాటలు అటకెక్కాయి, రోడ్డు వెడల్పు పని అటకెక్కింది. ఈ మాట పుట్టించినవాళ్ళు పెంకుటిళ్ళలో పెరిగినవాళ్ళే అయ్యుంటారు. అటక మీదకు చేరిన వస్తువు మళ్ళీ కిందికి రావడం ఎంత కష్టమో వాళ్ళకు తెలుసు. నిచ్చెన ఉండాలి, దాన్ని కింద పట్టుకునే మనిషి ఉండాలి, ఎక్కేవాళ్ళకు ఓపిక ఉండాలి. ఈ మూడూ ఒకేసారి దొరికే రోజు సంవత్సరానికి రెండుసార్లు వస్తే గొప్ప.

అలాంటి అటక మీదకు సామాన్లు కాదు, ఏకంగా మనిషినే కాపురం పెట్టిద్దామని నిరుడు మా పుట్టింటివాళ్ళు నిశ్చయించారు.

మా పుట్టిల్లు అచ్చంపేట. ఆ పేరు చెప్పగానే ‘నల్లమల దగ్గరుంది, అదేనా?’ అంటారు. అది తెలంగాణలో, నాగర్‌కర్నూలు జిల్లాలో ఉంది. మాది కృష్ణ ఒడ్డు మండలం. మా మాదిపాడు దగ్గర నదికి అవతలి గట్టు ముక్త్యాల. 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లావాళ్ళం, అప్పటినుంచి పల్నాడు జిల్లావాళ్ళం. మిరప, పత్తి పండించుకునే ఊళ్ళు మావి.

మా తాతయ్య కట్టించిన ఇల్లది. రాతిగోడలు, బెంగుళూరు పెంకులు, టేకు దూలాలు, వాటిమీద బల్లలు పరిచిన అటక. మా చిన్నప్పుడు ఆ అటక మీద విత్తనాల మిరపకాయలు, చింతపండు, ఎల్లిపాయ గుత్తులు, పెళ్ళిళ్ళకు మాత్రమే దిగే ఇత్తడి గుండిగలు ఉండేవి. ఎవరైనా పైకెక్కారంటే కిందున్నవాళ్ళకి తుమ్ముల్ని బట్టే తెలిసిపోయేది. ఇప్పుడు ఆ ఇంట్లో అమ్మ, తమ్ముడు, మరదలు, వాళ్ళ పిల్లలిద్దరూ ఉంటారు. పెద్దది డిగ్రీ అయ్యాక ఇంటిపట్టునే ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటోంది. వచ్చేపోయే జనం, టీవీ, పత్తి బేరాలు. వీటి మధ్య చదువు సాగదు. పైన శ్లాబు వేద్దామంటే మట్టితో పేర్చిన రాతిగోడలు ఆ బరువు మోయవని మేస్త్రీ మొదటిరోజే చేతులెత్తేశాడు. మిగిలింది అటకే.

గది చేయడం పెద్ద పనేం కాలేదు. పుచ్చిన బల్లలు తీసి కొత్తవి వేశారు, పెంకుల కింద వేడి దిగకుండా అట్ట కొట్టారు, నాలుగు అద్దం పెంకులు పెట్టారు, నడికొప్పు దగ్గర వేడిగాలి పోవడానికి ఓ జాలీ వదిలారు. రెంటచింతల ఎండల జిల్లాలో పెంకుల కింద గది అంటే ఈమాత్రం జాగ్రత్త తప్పదు. అంతా కలిపి మూడు వారాలు. ఆ గదిలోకి ఎలా వెళ్ళాలన్నది తేలడానికి మాత్రం మూడు నెలలు పట్టింది.

తమ్ముడి ఓటు నిచ్చెనకి. అల్యూమినియంది, మడిచి పైకి నెట్టేసేది. చోటు తినదు, ఖర్చు తక్కువ, ఒక్కరోజులో అయిపోతుంది. ‘ఎక్కేది ఒక్క పిల్లే గదక్కా, దానికి మెట్లెందుకు?’ అన్నాడు ఫోన్లో. నిచ్చెన నియమం పొలం పని చేసేవాళ్ళందరికీ తెలిసిందే. నాలుగడుగుల ఎత్తుకు అడుగు చొప్పున కింద జరిపి వాల్చాలి. అంతకన్నా నిలువుగా పెడితే వెనక్కి తిరగబడుతుంది, వాలుగా పెడితే కాళ్ళు జారుతుంది. ఆ లెక్కన మా అటకకు రెండడుగుల పైచిలుకు చోటు చాలు. దీనికి తిరుగులేదనుకున్నాడు వాడు.

మా మేనకోడలికి గుండ్రటి ఇనుప మెట్లు కావాలి. మధ్యలో ఒక స్తంభం, దానిచుట్టూ విసనకర్రల్లా రేకులు. ఫోనులో ఫొటోలు చూపించి, ‘అత్తా, అయిదడుగుల చోటు చాలంట!’ అంది. నిజమే, చాలు. చార్మినారు మెట్లెక్కినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 149 మెట్లు గిర్రున తిరుగుతూ ఎక్కుతాం, ఎక్కేటప్పుడు బాగానే ఉంటుంది. దిగేటప్పుడు మాత్రం అడుగు ఎక్కడ వెయ్యాలో వెతుక్కోవాలి. స్తంభం వైపు మెట్టు మూడువేళ్ళ వెడల్పు కూడా ఉండదు, గోడ వైపే కాలు ఆనుతుంది. ఎదురుగా ఒకరొస్తే ఎవరో ఒకరు ఆ సన్నటి వైపుకి జరగాలి. పైగా మంచం, బల్ల ఆ మెలికల్లోంచి పైకి పోవు.

లండన్లో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి ఇంకో వింత పంపాడు. అక్కడ మిద్దె కప్పుల కింద గదులు చేసుకోవడం మామూలేనట. చోటు చాలనివాళ్ళు ఎడమకాలికో మెట్టు, కుడికాలికో మెట్టు చొప్పున సగం సగం మెట్లు కట్టుకుంటారు. ఒక కాలికి మెట్టు ఉన్నచోట రెండో కాలికి ఖాళీ. అందువల్ల నిలువుగా ఉన్నా కాలు పూర్తిగా ఆనుతుంది. అక్కడి నిబంధనలు కూడా మామూలు మెట్లకు చోటు లేనప్పుడు, పైనున్నది ఒక్కగదే అయినప్పుడు మాత్రమే వాటిని ఒప్పుకుంటాయి. ఎందుకంటే వాటికి అలవాటు పడాలి. తప్పు కాలితో మొదలుపెడితే మధ్యలో ఆగిపోవడమే. అమ్మ ఆ ఫొటో చూసి, ‘ఇదేం నడకే, కొంగ నడకలాగా’ అని ఫోను పక్కన పెట్టింది.

ఆచారిగారు మాట్లాడింది ఆ తర్వాత. మా ఇంటి తలుపులు బాగుచేసే పెద్ద వడ్రంగి ఆయన. కిందనుంచి కాక పైనుంచి మొదలుపెట్టాడు. అటకెక్కి, అక్కడే కూర్చుని, టేపు తీశాడు.

పెంకుటింట్లో దారి ఎక్కడ పెట్టాలో మనం నిర్ణయించేది కాదు, కప్పు నిర్ణయిస్తుంది. మా ఇంట్లో దూలాలు దక్షిణపు గోడనుంచి ఉత్తరపు గోడకు, పదహారడుగులు. ప్రతి దూలం నడుమ ఒక నిట్టాడు నిలబడి నడికొప్పును మోస్తుంది. దూలం కోస్తే కప్పు మొత్తం కూర్చుంటుంది. అంటే అటకకు కన్నం పెట్టేది దూలానికీ దూలానికీ మధ్యనే. రెండోది, పైన మనిషి నిటారుగా నిలబడగలిగేది నడికొప్పు కిందే. అక్కడ ఏడున్నర అడుగులుంటుంది. చూరు వైపు పోయేకొద్దీ తగ్గి, గోడ దగ్గరకొచ్చేసరికి మూడడుగులే. మెట్లు ఎక్కడ మొదలైనా నడికొప్పు దాపులకే తేలాలి.

ఇప్పుడు మెట్ల లెక్క. మా అటక నేలనుంచి ఎనిమిదడుగుల తొమ్మిదంగుళాలు. మన జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం ఇళ్ళలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు మించకూడదు, అడుగు ఆనే చోటు 250 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. మన లెక్కలో ఏడున్నర అంగుళాలు, పది అంగుళాలు. రెండు ఎత్తులు, ఒక వెడల్పు కలిపితే ఇరవై నాలుగు, పాతిక అంగుళాలు రావాలని ఆచారిగారి నోటిలెక్క. అది మనిషి అంగ. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సులో బ్లాండెల్ అనే వాస్తుశిల్పి రాసిపెట్టింది కూడా దాదాపు ఇదే సూత్రం. ఆచారిగారు ఆ పేరు విని ఉండరు, ఆయనకి వాళ్ళ నాన్న చెప్పాడు.

ఏడున్నర చొప్పున పద్నాలుగు ఎత్తులు, పదమూడు మెట్లు, పొడుగు పదకొండడుగులకు రెండంగుళాలు తక్కువ. కింద మనిషి తిరగడానికి గోడ దగ్గర మూడడుగులు వదిలి, సూటిగా ఎక్కుకుంటూ పోతే, పైకి తేలేసరికి అవతలి గోడకు రెండడుగుల దూరంలో ఉంటాం. అక్కడ కప్పు ఎత్తు నాలుగడుగులు. రోజూ నెత్తి పగలాల్సిందే. కాబట్టి సూటి మెట్లు కుదరవు. ఎత్తు పెంచి, వెడల్పు తగ్గించి నిలువుగా కడితే కుదురుతాయి. పన్నెండు ఎత్తులు, ఒక్కోటి తొమ్మిదంగుళాలకు కాస్త తక్కువ, కాలు ఆనడానికి ఎనిమిదంగుళాలు. ఆచారిగారు ఇదే ఖాయం చేద్దామన్నారు. నడిమింట్లో, అమ్మ మంచం ఉండేచోట.

‘నా మంచం సంగతి తర్వాత. నేనెక్కగలనా?’ అంది అమ్మ.

‘మీకెందుకమ్మా పైకి? పాప గది కదా’ అన్నాడాయన.

‘నా ఇంట్లో నేనెక్కలేని గదేంటి ఆచారీ?’

డెబ్భై రెండేళ్ళ మనిషి, రెండు మోకాళ్ళూ అరిగాయి, నిరుటిదాకా ఆ నిచ్చెనే ఎక్కింది. ఎవరూ లేనప్పుడు చూసి ఎక్కేది. మమ్మల్నడిగితే వద్దంటామని. ఆ మాట తర్వాత నిచ్చెన, గుండ్రం మెట్లు, లండన్ మెట్లు మూడూ ఒక్కసారే పక్కకు పోయాయి. తమ్ముడు కొంచెం గొణిగాడు గానీ, అమ్మ ముందు కాదు.

అమ్మ దగ్గర వేరే ఉపాయం ఉంది. బయట మెట్లు. పడమటి గోడకు, దొడ్లోంచి, నాపరాళ్ళతో. పల్నాట్లో మిద్దెలకు మెట్లు బయటే ఉండేవి కదా, అదే పద్ధతి. ఇది వినగానే అందరికీ నచ్చింది. ఇంట్లో అంగుళం పోదు, అటకకు కన్నం అక్కర్లేదు, దూలాల గొడవ లేదు. పడమటి వైపు కప్పు త్రికోణంగా లేస్తుంది కాబట్టి తలుపు పెడితే సరిగ్గా నడికొప్పు కిందికే వస్తుంది. మాచర్ల పలక మూడడుగులది తీసుకుంటే ముప్ఫై అయిదు కిలోలు తూగుతుంది. దాన్ని మట్టిగోడలోకి గుచ్చి నిలబెట్టడం కుదరదు, విడిగా పక్కగోడ కట్టుకోవాలి. అది ఖర్చే గానీ పనికొచ్చే ఖర్చు. తమ్ముడు రాయికి కబురు కూడా పంపబోయాడు.

అప్పటిదాకా మరదల్ని ఎవరూ అడగలేదు. అడగాలన్న ఊహ కూడా ఎవరికీ రాలేదు. ఆ పూట నేను ఊళ్ళోనే ఉన్నాను. అందరికీ టీలు తెచ్చింది. ట్రే రెండు చేతులతో పట్టుకుని, గడప దాటుతూ, కాలితో తలుపు జరుపుతూ వచ్చింది.

‘వదినా, ఒక్క మాట అడుగుతా. పైకి రోజూ ఎక్కేదెవరు?’ అంది.

‘పిల్ల’ అన్నాను.

‘పిల్ల పొద్దున ఎక్కుతుంది, మధ్యాహ్నం దిగుతుంది. దానికి ఖాళీ చేతులే. పుస్తకాలు పైనే ఉంటాయి. కాఫీ ఎవరు తీసుకెళ్తారు? ఊడ్చేదెవరు? బట్టలు మడతపెట్టి ఎవరు చేరేస్తారు? పక్కబట్టలు ఎవరు దింపుతారు? రాత్రిపూట దానికి జ్వరమొస్తే వానలో దొడ్లోకెళ్ళి, తడిసిన నాపరాయి మీద నేనెక్కాలి. ఎండాకాలం ఆ రాయి మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టగలమా? ఆడపిల్ల అర్ధరాత్రి నీళ్ళకు దొడ్లోకి దిగాలి.’

ఎవరమూ మాట్లాడలేదు. ఆ నెలన్నరలో మేం మాట్లాడుకున్నదంతా గదిలో కూర్చునే మనిషి గురించే. రెండు చేతుల్లో సామానుతో ఎక్కి, పాదాలు కనపడకుండా దిగే మనిషి లెక్కలోకి రాలేదు. నిచ్చెన ఎక్కాలంటే రెండు చేతులూ నిచ్చెనకే ఇవ్వాలి. గుండ్రం మెట్లకు ఒక చెయ్యి స్తంభానికివ్వాలి. బట్టల దొంతర ఏ చేత్తో పట్టుకోవాలో వాటి ఫొటోల్లో ఎవరూ చూపించరు.

అమ్మ తల ఊపింది. ‘అమ్మాయి చెప్పింది నిజమే. మెట్లు లోపలే’ అంది.

లోపల అనడం తేలికే. ఎక్కడ? ఆచారిగారు మళ్ళీ టేపు తీశారు. ఏడున్నర ఎత్తుతో, సూటిగా కాకుండా, ఒక మలుపు తిప్పితే కుదురుతుంది. దక్షిణపు గోడ వెంట పడమరకు నాలుగు మెట్లు, మూలన మూడడుగుల చదరం, అక్కణ్ణుంచి ఉత్తరానికి ఎనిమిది. అప్పుడు నడికొప్పు దాటీ దాటగానే, ఆరున్నర అడుగుల ఎత్తున్నచోట తేలతాం. దీనికి ఏడడుగులు, పదడుగులు చోటు కావాలి. ఇంట్లో అలాంటిది ఒక్కటే ఉంది. నైరుతి మూల సామాన్ల కొట్టు.

వాస్తు చూసేవాళ్ళకు మెట్లు నైరుతిలో ఉంటే మంచిదే. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి కదా అని పక్కింటాయన గుర్తుచేస్తే, పదమూడేనండీ అన్నాడు ఆచారి. ఎత్తులు లెక్కపెడితే పద్నాలుగు, మెట్లు లెక్కపెడితే పదమూడు. ఎవరికి ఏది కావాలంటే అది చూసుకోవచ్చు.

కానీ అది అమ్మ కొట్టు. పచ్చళ్ళ జాడీలు, కందిపప్పు డబ్బాలు, ఏడాదికి సరిపడా కారం, అటకమీదనుంచి దింపిన ఇత్తడి గుండిగలు కూడా అందులోనే. తాళంచెవి అమ్మ బొడ్లోనే ఉంటుంది. మరదలు కాపురానికొచ్చి పాతికేళ్ళయింది, ఇప్పటికీ పప్పు అయిపోతే తాళం అడగాలి. అది పెత్తనమంటే పెత్తనమే గానీ, అమ్మకు ఆ ఇంట్లో ‘నాది’ అని చెప్పుకోవడానికి మంచం, కొట్టు తప్ప ఇంకేం లేవన్నది కూడా నిజం. అందులో ఒకటి ఇమ్మంటున్నాం. అదీ ఆవిడ అడిగిన మెట్ల కోసమే.

మూడు రోజులు ఆ సంగతి ఎత్తలేదు అమ్మ. మేమూ ఎత్తలేదు. నాలుగోరోజు పొద్దున్నే ఆచారికి కబురు పంపి, ‘నీ రెండు రకాల మెట్లూ నాకు కట్టి చూపించు’ అంది. ఆయన నవ్వి, దొడ్లో ఇటుకలు పేర్చాడు. ఒకవైపు మూడేసి ఇటుకలు, తొమ్మిదంగుళాలు. ఇంకోవైపు రెండేసి ఇటుకలు, మీద అంగుళంన్నర పలక, ఏడున్నర. ఒక్కోవైపు మూడు మెట్లు. అమ్మ తొమ్మిదంగుళాల వాటి మీద గోడ పట్టుకుని ఎక్కింది. దిగేటప్పుడు పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి దిగింది. రెండోవాటి మీద ఎక్కి, తిన్నగా దిగింది. గోడ పట్టుకోలేదు. మళ్ళీ ఎక్కింది. ఈసారి కోడల్ని పిలిచి, చేతికి నీళ్ళబిందె ఇచ్చి, ‘నువ్వెక్కు’ అంది. మరదలు బిందె చంకన పెట్టుకుని రెండిటి మీదా ఎక్కి దిగింది. తొమ్మిదంగుళాల మీద నీళ్ళు తొణికి చీర తడిసింది.

చూడ్డానికి అంగుళంన్నరే తేడా. దాని కోసం గదంత చోటు ఇవ్వాలి.

‘కొట్టు ఖాళీ చెయ్యండి’ అంది అమ్మ.

ఖాళీ చేయడానికి రెండు రోజులు పట్టింది. జాడీలు ఒక్కోటి బయటికి తెస్తుంటే అమ్మ అరుగుమీద కూర్చుని ఏది ఎవరు కొన్నదో చెబుతూ ఉంది. కొట్టు తలుపు ఊడదీయాల్సి వచ్చింది. మొదటి మెట్టుకూ గడపకూ మధ్య ఎనిమిదంగుళాలే ఉంది, తలుపు ఉంటే కాలికి అడ్డం. ఆ తలుపును ఆచారిగారు మూలచదరానికి బల్లగా వాడేశారు. మంచి టేకు, వదులుతారా? తాళం, తాళంచెవి అమ్మ చేతికిచ్చారు. అవి ఏం చేసిందో నేనడగలేదు.

మెట్లు వేసిన వారానికి పైకి సామాన్లు ఎక్కించారు. నవారు మంచం మలుపు దగ్గర నిలువుగా తిప్పితే వెళ్ళింది. చదువుకునే బల్ల కాళ్ళు ఊడదీస్తే గానీ పోలేదు. మెట్ల కన్నం తెరిచి ఉండడం వల్ల కింది గదుల వేడి పైకెళ్ళి జాలీలోంచి పోతోందని, నడిమిల్లు చల్లబడిందని తమ్ముడు అంటున్నాడు. ఆ వేడి పోయే దారి తన గదిలోంచే అని మేనకోడలు అంటోంది. మేలో ఇద్దరిలో ఎవరి మాట నెగ్గుతుందో చూడాలి.

మొన్న మిరపకోతలప్పుడు వెళ్ళాను. అమ్మ మూలచదరం మీద, పాత కొట్టు తలుపు మీదే, పీట వేసుకుని కూర్చుని కాయలకు తొడిమలు తీస్తోంది. అక్కడ కూర్చుంటే పైన పిల్ల చదువుతోందో ఫోను చూస్తోందో తెలుస్తుంది, కింద వంటింట్లో ఏం జరుగుతోందో వినపడుతుంది. మరదలు భుజానికి బట్టల మూట, చేతిలో మజ్జిగ గ్లాసుతో ఆవిణ్ణి దాటుకుని పైకెళ్ళింది. ‘అత్తయ్యా, కొంచెం జరగండి’ అంటే అమ్మ మోకాళ్ళు ఒక పక్కకు తిప్పింది.

జాడీలన్నీ మెట్ల కిందే సర్దారు, పెద్ద ఆవకాయ జాడీ ఒక్కటి తప్ప. పై మెట్ల కింద ఎత్తు సరిపోతుంది గానీ మూత తియ్యడానికి వీల్లేదు. అది ఇప్పుడు నడిమింట్లో అమ్మ మంచం కింద ఉంది. చేతికి పట్టు ఒకవైపే పెట్టారు, రెండోవైపు సంక్రాంతి వెళ్ళాక వచ్చి బిగిస్తానన్నాడు ఆచారి. ఇంకా రాలేదు. ప్రస్తుతానికి అమ్మ అక్కడ పలుపుతాడు కట్టించుకుంది.